గువ్వలంకలో మర్చిపోయిన రోకలి

గువ్వలంకలో తెలివి ఎక్కడుంటుందని ఎవరైనా అడిగితే, తాతబ్బాయి ఏమాత్రం మొహమాటపడకుండా తన ఇంటికేసి చెయ్యి చూపించేవాడు. అతనూ, తమ్ముళ్ళు అబ్బులూ పోతురాజూ, ముగ్గురూ కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుతారు. ముగ్గురూ పొద్దస్తమానం తలకి తువ్వాలు బిగించి కట్టుకునే తిరుగుతారు. ఈ ఉక్కలో అదెందుకయ్యా అంటే, "ఇంత తెలివి నెత్తినెట్టుకుని తల బోడిగా తిరగమంటారేంటండీ, గాలికి ఆవిరైపోదూ!" అంటాడు తాతబ్బాయి. స్నానం కూడా తువ్వాలుతోనే. నవ్వకండి, అతను పేనిన తాడు ఏనుగు లాగినా తెగదు, అతను వేసిన ముడి అతను తప్ప ఎవరూ విప్పలేరు. దేవుడు తెలివంతా వేళ్ళలో పెట్టేసి, పైకి అక్కర్లేదులే అనుకున్నాడు.

ఇంత తెలివైన ఇంటికి ఒకే ఒక్క దిగులు. అది వాళ్ళ చెల్లెలు నూకాలు మొగుడు, పాల సూరన్న. ఆరేళ్ళ కిందట ఆ లంకలోనే కామయ్య గారినీ, ఆయన భార్య శేషమ్మ గారినీ ఎవరో పట్టపగలు రోకలితో కొట్టి చంపేశారు. దెబ్బల్ని బట్టి రోకలన్నారు గానీ, అదీ దొరకలేదు, చంపినవాడూ దొరకలేదు. పాలు పోయడానికి వెళ్ళిన సూరన్న వాళ్ళని ముందుగా చూసి, కేకలు పెట్టుకుంటూ ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చాడు. అంతే. ముందు చూసింది అతనే కాబట్టి ముందు అతన్నే పట్టుకున్నారు. లోపలెయ్యడానికి సాక్ష్యం లేదు, వదిలెయ్యడానికి మనసు రాలేదు. అప్పట్నుంచి శనివారం శనివారం ఏరు దాటి, స్టేషన్లో సంతకం పెట్టి వస్తున్నాడు. ఊళ్ళో అతని పాలు ఈ బావమరుదులు తప్ప ఎవరూ పోయించుకోరు. నూకాలు పేరంటాలకి వెళ్ళడం మానేసింది.

ఇప్పుడు కొత్తగా ఒక ఎస్సై వచ్చాడు. పాత కేసులన్నీ తేల్చేస్తానని మహా పట్టుదల మీదున్నాడు. "సోమవారంలోగా ఇంకొకణ్ణి చూపించావా సరే. లేదంటే నిన్నే లోపలేస్తా" అని సూరన్నకి గట్టిగా చెప్పేశాడు.

నూకాలు అన్నల దగ్గరికొచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఊరుకోవే నూకాలూ. ఇన్నాళ్ళూ మమ్మల్ని ఎవరూ అడగలేదు గానీ, ఈ కేసెంత? మేం తేల్చేస్తాం కదా!" అన్నాడు తాతబ్బాయి.

ముగ్గురూ అరుగు మీద చతికిలబడి ఆలోచన మొదలెట్టారు.

"ఆవిణ్ణి ఆయనే చంపేసుంటాడన్నయ్యా" అన్నాడు అబ్బులు.

"మరి ఆయన్నెవరు చంపారెహె?"

"ఆవిడే. శేషమ్మ గారి సంగతి నీకు తెలీదేంటి? ఒక మాటంటే రెండు అనకుండా ఏనాడన్నా ఊరుకుందా? లేచి ఆయన్ని చంపేసి, అప్పుడు పడుకునుంటది."

"అసలు చంపింది రోకలి" అన్నాడు పోతురాజు. "తప్పు చెయ్యకపోతే అదెందుకు పారిపోద్ది?"

తాతబ్బాయికి ఇద్దరి మాటా నిజమేననిపించింది. ఇద్దరిదీ నిజమైతే ఎస్సైకి ఎవర్ని చూపించాలో పాలుపోక, రిటైరైన హెడ్ కానిస్టేబుల్ పేర్రాజు గారింటికి వెళ్ళారు. ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండానే చెప్పారు.

"ఒరేయ్, ముందు సొంతవాళ్ళతో సహా అందర్నీ అనుమానించాలి. తర్వాత, ఆనాడు ఎలా జరిగిందో అచ్చం అలాగే చేసి చూడాలి. అదీ కుదరకపోతే, చంపినచోట కాపు కాయాలి. చంపినవాడు ఎప్పటికైనా అక్కడికి మళ్ళీ వస్తాడు. ఇంక వెళ్ళండి, నాకు కునుకు పడుతోంది."

ఇంకేముంది, ఆ పూట నుంచే అనుమానం మొదలు. పోతురాజు వండింది అబ్బులు తినడు, అబ్బులు తోడిన నీళ్ళు పోతురాజు తాగడు. ఇద్దరూ కలిసి గేదెని కూడా అనుమానించి, ఆరేళ్ళ కిందట ఆ రోజు నువ్వెక్కడున్నావని నిలదీశారు. అది నెమరు ఆపలేదు. సమాధానం దాటేస్తోందని అబ్బులు తేల్చాడు. తాతబ్బాయి పెద్దవాడు కదా, తనని తనే అనుమానించుకున్నాడు. సాయంత్రానికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కూలబడ్డాడు.

"పొద్దుట్నుంచీ నన్ను నేను వదల్లేదర్రా. ఎక్కడికెళ్తే అక్కడికి నా కూడా ఉన్నాను. రేవు దగ్గర ఓసారి తప్పించుకోబోయాను గానీ, నేను పోనిస్తానా!"

"అయితే నువ్వు కాదన్నమాట."

"కాదులే. అయినా ఓ కన్నేసే ఉంచాను."

మర్నాడు రెండో సంగతి పట్టుకున్నారు. అబ్బులు కామయ్య గారయ్యాడు. పోతురాజు నూకాలు చీర చుట్టుకుని శేషమ్మ గారయ్యాడు. రోకలి లేదు కాబట్టి, చంపించుకోకుండానే చచ్చిపొమ్మని తాతబ్బాయి ఇద్దరినీ తమ ఇంటి నడవలో పడుకోబెట్టాడు. "చచ్చిపోయినోళ్ళు మాటాడకూడదు, ఎవరేమడిగినా సరే" అని గట్టిగా చెప్పాడు. రోజూలాగే పాల చెంబు పట్టుకుని వచ్చిన సూరన్న బావమరుదుల్ని చూశాడు. పిలిచాడు, కుదిపాడు. పలకరు. అంతే, గావుకేక పెట్టి వీధిలో పడ్డాడు.

"అచ్చం ఆనాటిలాగే!" అని తాతబ్బాయి చప్పట్లు కొట్టాడు.

ఊరంతా పోగైంది, అవతలి గట్టు నుంచి ఎస్సై వచ్చాడు. ముందు చూసిందెవరంటే మళ్ళీ సూరన్నే. పాపం, అతని నెత్తిన ఇంకో రెండు హత్యలు పడ్డాయి. జరిగినట్టే జరగనివ్వాలి కాబట్టి తాతబ్బాయి నోరు మెదపలేదు. శవాలు రెంటినీ, వాటితో పాటు సూరన్ననీ పడవెక్కించారు. నడి ఏట్లోకి వెళ్ళాక కామయ్య గారి శవం లేచి కూర్చుంది.

"అయ్యా, ఆనాడు పెద్దరేవుకి తీసుకెళ్ళారండి. మీరు చిన్నరేవుకి పోతున్నారు. ఇలాగైతే కేసు తేలదండి."

పడవవాడు ఏట్లోకి దూకేశాడు. తెడ్డు ఎస్సైయే వెయ్యాల్సి వచ్చింది. ఒళ్ళంతా తడిసి గట్టెక్కాక ఆయన సూరన్న మెడ పట్టుకుని, "సోమవారం కూడా కాదు. రేపు సాయంత్రం నేనే వస్తా. ఇంకొకణ్ణి చూపించకపోతే నిన్ను తీసుకునే వెళ్తా" అన్నాడు. నూకాలు ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

ఇంక మిగిలింది మూడో సంగతి ఒక్కటే. తెల్లారగానే ముగ్గురూ పాడుబడ్డ కామయ్య గారింటి వాకిట్లో కాపు కాశారు. హంతకుడు ఎంత దూరం నుంచి వస్తాడో ఏమో అని ఒక కుర్చీ వేసి, కుండతో మంచినీళ్ళు పెట్టారు. ఎవరెవరు ఎన్నిసార్లు వచ్చారో పక్కింటివాళ్ళని అడిగి పుస్తకంలో రాసుకున్నారు. పోస్టుమ్యాన్ నాలుగుసార్లు, మేకలవాడు ఏడుసార్లు, ఎస్సై పదకొండుసార్లు.

పదింటివేళ సంచీ వేలాడేసుకుని ఒక బట్టతలాయన వచ్చాడు. వీళ్ళని చూడకుండా తిన్నగా పశువుల పాకలో దూరి, చూరులోకి చెయ్యి పెట్టి ఒక రోకలి లాగాడు. వెనక్కి తిరిగితే ఎదురుగా మూడు తువ్వాళ్ళు. ఆయన రోకలిని వీపు వెనక దాచబోయాడు.

"ఎవరండీ తమరు?" అన్నాడు తాతబ్బాయి.

"నేను... కామయ్య గారి మేనల్లుణ్ణి."

"ఆ రోకలి?"

"నాదే. ఆనాడు... మర్చిపోయాను."

"అయ్యయ్యో! ఆరేళ్ళు రోకలి లేకుండా ఎంత ఇబ్బంది పడ్డారో ఏంటో! ఇదిగో, మంచినీళ్ళు తాగండి. అది సరే గానీ, ఈ ఆరేళ్ళలో ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చారండీ?"

"ఒక్కసారీ రాలేదు బాబూ. ఇదే రావడం. ఇంక చచ్చినా రాను."

తాతబ్బాయి పుస్తకం తిరగేశాడు. పోస్టుమ్యాన్‌కి నాలుగు, ఈయనకి ఒకటి. మరీ అన్యాయంగా తక్కువ. "కామయ్య గారి మేనల్లుడు, మర్చిపోయిన రోకలి తీసుకెళ్ళాడు, ఒకేసారి వచ్చాడు, హంతకుడు కాడు" అని శుభ్రంగా రాసుకున్నాడు. పెద్దాయన అంత బరువు చేత్తో మోయడం చూడలేక, వద్దు వద్దంటున్నా వినకుండా రోకలిని ఆయన వీపుకి అడ్డంగా పెట్టి కొబ్బరి తాడుతో కట్టేశారు. ముడి తాతబ్బాయే వేశాడు. దగ్గరుండి పడవెక్కించి దణ్ణం పెట్టి వచ్చారు.

సాయంత్రం అన్నమాట ప్రకారం ఎస్సై లంకలో దిగి, ముగ్గురూ ఇంకా కాపు కాస్తున్నారని విని కామయ్య గారింటికే వచ్చాడు. ఆయన చెప్పు గుమ్మంలో పడిందో లేదో, "పన్నెండోసారి!" అని తాతబ్బాయి అరిచాడు. అంతే, ముగ్గురూ మీదపడి ఆయన్ని కుర్చీకి కట్టేశారు.

"ఒరేయ్, విప్పండ్రా! ఏంట్రా ఇది!"

"ఇంకొకణ్ణి చూపించమన్నారుగా ఎస్సై గారు. ఇప్పుడు తమర్ని ఆయనకి అప్పజెప్పాలండి."

అప్పజెప్పాలంటే ఎస్సై గారు కావాలి. ఎస్సై గారేమో కట్టేసి ఉన్నారు. చేసేదిలేక తాతబ్బాయి ముడి విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదిగోండి సార్, హంతకుడు. గట్టిగా పట్టుకోండి, మహా గడుసోడు."

ఎస్సై కొట్టడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది, కింద తెరిచున్న పుస్తకం మీద కన్ను పడి.

"ఎవడ్రా ఈ రోకలివాడు?"

వెంటనే అవతలి గట్టుకి ఫోన్ చేశాడు. మేనల్లుడు బస్టాండులోనే ఉన్నాడు. అడ్డంగా కట్టిన రోకలితో బస్సు గుమ్మంలో పట్టక, ముడి విప్పేవాడు దొరక్క, పొద్దుట్నుంచీ తొమ్మిది బస్సులు పోగొట్టుకున్నాడు. పోలీసుల్ని చూడగానే, "ముందు దీన్ని విప్పండి, అన్నీ చెప్పేస్తాను" అని ఏడ్చాడట. ఇల్లు తన పేర రాయలేదన్న కోపంతో తనే చంపాననీ, కేసు మళ్ళీ తవ్వుతున్నారని తెలిసి రోకలి కోసం వచ్చాననీ ఒప్పేసుకున్నాడు.

సూరన్న పేరు కొట్టేశారు. ఇంక సంతకాలు లేవు. నూకాలు ఆరేళ్ళ ఏడుపూ ఒక్కసారే ఏడ్చి, మర్నాడు అన్నలకి భోజనం పెడతానంది. ఎస్సై వెళ్తూ వెళ్తూ తాతబ్బాయి చెవి మెలేసి ఒక ముక్క చెప్పాడు.

"దద్దమ్మా! మర్చిపోయిన వస్తువు కోసం వచ్చాడని తెలిశాక కూడా వదిలేస్తావా? వాడేరా హంతకుడు! ఈసారన్నా గుర్తుంచుకో."

తాతబ్బాయి ఆ ముక్క దారిపొడుగునా వల్లెవేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

మర్నాడు నూకాలు పనసపొట్టు కూరా, బూరెలూ చేసి నాలుగు ఆకులు వేసింది. ఎంతసేపటికీ ఎవరూ రారు. చివరికి ముగ్గురన్నలూ వచ్చి, కాళ్ళు కడుక్కుని మూడాకుల ముందు కూర్చున్నారు. మొహాలు వెలిగిపోతున్నాయి.

"అన్నయ్యా, మీ బావేరీ?"

"స్టేషన్లో దించి వస్తున్నామే" అన్నాడు తాతబ్బాయి, బూరె విరుస్తూ. "కుర్చీ తెచ్చుకుందామని కామయ్య గారింటికెళ్తే, అక్కడ బావ! ఏం పనంటే, ఆనాడు పాల క్యాను మర్చిపోయాట్ట, తీసుకెళ్దామని వచ్చాట్ట. పసిగట్టేశాను. ఎస్సై గారు లేరు గానీ, బల్లకి కట్టేసి వచ్చాం. ఈసారి ముడి నేను కూడా విప్పలేను."

నూకాలు గరిటె కింద పడేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా మొగుడు అలాంటోడంటే నేను నమ్మనన్నయ్యా" అంది. అని, ఏదో గుర్తొచ్చి, "అవునూ, మొన్న సంతలో గొడుగు మర్చిపోయి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నారు కూడానూ!" అంది.

తాతబ్బాయి నోట్లో బూరె నోట్లోనే ఆగిపోయింది. తమ్ముళ్ళకేసి చూశాడు. ముగ్గురూ ఒక్కసారే లేచారు, చేతులు కడుక్కున్నారు, తువ్వాళ్ళు బిగించారు. వడ్డించిన భోజనం వడ్డించినట్టే వదిలేసి, శవాన్ని వెతకడానికి సంతకి బయల్దేరారు.