చందనం చెట్టు పొరుగు

నీలకంఠరాజుకు తల్లి నాటి వెళ్లిన చందనం చెట్టంటే ప్రాణం. చుట్టూ ఉన్న కానుగ చెట్లు దాని తిండి దోచుకుంటున్నాయని ఆయనకు అనుమానం. ఒకరోజు కోపం పట్టలేక వాటన్నిటినీ నరికించేశాడు. తోటపని చేసే ముసలి నూకాలు ఏదో చెప్పబోతే భటులు పక్కకు గెంటేశారు.

ఏడాది తిరక్కుండానే చందనం ఎండుముఖం పట్టింది.

"నీళ్లు పోయకుండా చంపేశావు. రాజ్యం విడిచి పో!" అని రాజు నూకాలు మీద మండిపడ్డాడు.

"పోతాను మారాజా. కానీ దొంగెవరో కళ్లారా చూసి పంపండి. చెట్టు మొదట్లో తవ్వించండి. కానుగ వేళ్లు చందనాన్ని పీల్చినట్టు కనబడితే నా తలే తీయించండి."

రాజు దగ్గరుండి తవ్వించాడు. మట్టి తొలగేసరికి అందరూ ముందుకు వంగి చూశారు. చందనం వేళ్లే జలగల్లా పాకి, కానుగ వేళ్లను కరుచుకుని ఉన్నాయి. ఆ కానుగ వేళ్లు కుళ్లిపోయాయి.

"అయితే తిన్నది ఇదా?" అన్నాడు రాజు.

"ఇదే మారాజా. పెట్టేవాళ్లను మీరు కొట్టేయించారు."

రాజు తల దించుకున్నాడు. "నీకు శిక్ష లేదు. ఇవాళే మళ్లీ కానుగలు నాటు."

"నాటుతాను. కానీ అవి ఎదిగేదాకా ఇది ఆకలితో బతకదు. అమ్మగారు కూడా ముందు కానుగలే నాటారు మారాజా. అవి ఏపుగా ఎదిగాకే చందనం పెట్టారు."

రాజు నరికించిన కానుగ మొద్దుల వైపు తిరిగాడు. అవన్నీ అమ్మ చేతి చెట్లేనని అప్పుడు తెలిసింది.