తప్పుల్లేని డిస్కు

"డిస్కులో ఇప్పుడు ఒక్క తప్పు కూడా లేదు మాస్టారూ. మరి మెయిళ్ళెలా పోయాయి?"

దుకాణంలో పని నేర్చుకునే మస్తాన్‌వలి ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. కోదండపాణి మాస్టారు అడిగిన వెంటనే బదులిచ్చే మనిషి కాదు. ఒంగోలులో ఇప్పుడు కంప్యూటర్లు చూసే ఆయన దుకాణం ఒకప్పుడు టైపు మిషన్లు బాగుచేసేది. ఆ రోజుల్లోనూ అంతే, ఎవరైనా విరిగిన అక్షరం చేతికిస్తే ముందు కళ్ళద్దాలు తుడుచుకునేవారట. ఆ సంగతి అలా ఉంచుదాం.

డిస్కు నర్సు దేవకృపది. వాళ్ళక్క సువార్తకు పుట్టుకతో మాట లేదు. పెళ్ళిళ్ళయి చెరో ఊరు వెళ్ళాక అక్కాచెల్లెళ్ళు పదకొండేళ్ళు మెయిళ్ళలోనే మాట్లాడుకున్నారు, పోట్లాడుకున్నారు. మొన్న వేసవిలో అక్క పోయింది. వెనకే, ఆ మెయిళ్ళన్నీ దాచుకున్న ఈ డిస్కూ మొరాయించింది.

చెడిన డిస్కును ముట్టుకునే ముందు దానికి నకలు తీసుకోవడం మాస్టారి పద్ధతి. నిన్న ఆయన ఊళ్ళో లేరు. నకలుకు సగం రోజు పడుతుందని వలి నేరుగా మరమ్మతు ప్రోగ్రాము నడిపాడు. అది ఆగి ఆగి అడిగింది, ఈ ముక్క ఏ ఫైలుదో తెలియడం లేదు, తీసేయనా అని. మొదట్లో చదివి సరే అన్నాడు. కొన్ని వందలసార్లు అడిగేసరికి విసుగెత్తి, చదవకుండానే సరే అంటూ పోయాడు. సాయంత్రానికి డిస్కు శుభ్రపడింది. అందులో మెయిళ్ళు లేవు.

మాస్టారు మోకాళ్ళు పట్టుకుని లేచి బీరువా తెరిచారు. జనం ఇచ్చిపోయిన డిస్కులన్నీ అందులోనే ఉంటాయి, ఒక్కోదానికి దారంతో పేరు చీటీ కట్టి. కొన్నిటికి చీటీలు ఊడిపోయాయి. ఆయన అలాంటివాటిని ఏరి చెత్తబుట్టలో వేయసాగారు. మూడోదాని దగ్గర వలి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అవి ఎవరివో ఏమో మాస్టారూ."

"ఎవరివో తెలియదుగా. బీరువా చూడు, ఎంత శుభ్రంగా ఉందో."

వలి బుట్టలో పడ్డ రెండింటినీ తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ బీరువాలో పెట్టాడు. నిన్న తను సరే అన్నవాటికి చెయ్యి పెట్టి తీయడానికి బుట్టంటూ లేదు.

మెట్లమీద చెప్పుల చప్పుడైంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది దేవకృప, మొహం వాడిపోయి ఉంది. అన్నీ రాకపోయినా ఫరవాలేదు, అక్క రాసినది ఒక్కటి దొరికినా చాలంది. వలి గొంతు సవరించుకుని, డిస్కులో తప్పులేమీ లేవండీ అనబోయాడు.

కుర్చీలో కూలబడబోయిన మాస్టారు ఆగి, దాన్ని ఆమె వైపు జరిపారు.

"ముందు ఆవిణ్ణి కూర్చోనివ్వు," అన్నారు.