జబ్బుమడిలో రెండు పచ్చ సాళ్ళు

ఊరి బయట వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ ఫారం ఒకటుంది. అందులో ఎన్ని మడులున్నా, చుట్టుపక్కల జంతువులన్నీ చూసి నవ్వుకునే మడి మాత్రం ఒక్కటే. దాన్ని జబ్బుమడి అంటారు. ఏటా అందులో కంది వేస్తారు, ఏటా ఎండిపోతుంది. పోనీ ఎండిన మొక్కల్ని పీకి అవతల పారేస్తారా? అదీ లేదు. ముక్కలు ముక్కలుగా నరికి, మళ్ళీ ఆ మట్టిలోనే కలిపి దున్నిస్తారు!

ఆ దున్నే పని మన బూడిదయ్యది. పిచ్చయ్య అనే రైతు ఎద్దు. బూడిద రంగు ఒళ్ళు, నిదానం మనిషి... మనిషి అంటున్నాను గానీ ఎద్దేలెండి, అంత పెద్దరికం దానిది. పిచ్చయ్యకి సొంతంగా రెండెకరాల మెట్ట ఉంది. పని లేనప్పుడు ఎద్దుని తోలుకుని ఫారానికి కూలికి వస్తాడు.

ఇదంతా చేయించేది ఫారంలో కంది మీద పరిశోధన చేసే వకుళ మేడం. మొదట్లో బూడిదయ్య కూడా లోపల్లోపల తిట్టుకునేది. 'ఈ వకుళ మేడం అంత చదువు చదివి, చచ్చిన మొక్కల్ని తెచ్చి బతికే మొక్కల కింద పాతిపెడుతుందేంటి తల్లీ!' అని.

ఒకరోజు గట్టు మీద టీ తాగుతూ పిచ్చయ్యే అడిగేశాడు. "మేడం, తప్పుగా అనుకోకండి. ఈ మడికేమన్నా శాపం తగిలిందా?"

వకుళ మేడం నవ్వింది. "శాపం కాదు పిచ్చయ్యా, పరీక్ష. ఎండుతెగులు మట్టిలో ఉంటుంది. దాన్ని నేనే పెంచుతున్నాను. మూడొందల రకాలు వేశాను. ఇంత జబ్బులో కూడా ఏది పచ్చగా నిలబడుతుందో, అదే నీ పొలంలో నిలబడేది."

"నిలబడిందా ఏదన్నా?"

"అటు చూడు."

పిచ్చయ్య చూశాడు. బూడిదయ్య కూడా మెడ తిప్పి చూసింది. మడి నిండా ఎండు పుల్లలు. మధ్యలో రెండంటే రెండు సాళ్ళు, నవనవలాడుతూ, నిండా పూత. కొసన ఎర్రగుడ్డ కట్టిన పుల్ల.

"ఇది ఐదో ఏడు," అంది మేడం. "ఈసారి కూడా నిలబడి గింజ చేతికొస్తే, వచ్చే వానాకాలానికి నీతో కలిపి మీ ఊళ్ళో నలుగురు రైతులకి తలా కాస్త విత్తనం ఇస్తాను. మీ పొలాల్లోనూ ఎలా ఉంటుందో చూద్దాం."

పిచ్చయ్య ఆ సాళ్ళ దాకా నడిచి, ఒక కొమ్మ వంచి చూసి వచ్చాడు. తర్వాత ఎద్దు వీపు మీద చెయ్యేసి, "రెండేళ్ళుగా నా కంది ఎండుతానే ఉంది మేడం. మూడో ఏడు కూడా ఇదే గతైతే, దీన్ని సంతకి తోలెయ్యాల్సిందే. మేపలేను," అన్నాడు.

సంతకి పోయిన ఎద్దులు మళ్ళీ తిరిగి రావని బూడిదయ్యకి తెలుసు. ఆరోజు నుంచీ ఆ రెండు సాళ్ళు దానికి ప్రాణం. ఫారానికి వచ్చినప్పుడల్లా ముందు అటే చూసేది. పూత పిందెయింది, పిందె కాయయింది. సంతోషం పట్టలేక, వీపు మీద వాలి పిడుదులు ఏరుకుంటున్న గోరింకతో అననే అనేసింది.

"వదినా, ఆ ఎర్రగుడ్డ సాళ్ళు చూశావా? అంత కాయ ఈ జిల్లాలో లేదు!"

గోరింక మంచిదే. కానీ నోట్లో మాట నిలవదు. మర్నాడు అడవిపంది కోరయ్య నేల తవ్వుతుంటే, బయటపడే పురుగుల కోసం దాని వెనకే తిరుగుతూ, "మావా, ఎర్రగుడ్డ సాళ్ళంట, కాయలు గుత్తులంట!" అని పూసగుచ్చినట్టు చెప్పేసింది.

ఇంకేముంది. ఆ మర్నాడు పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే, కోరయ్య కంచె కింద మట్టి తోడుకుని, ఈడ్చుకుంటూ, రాసుకుంటూ లోపలికొచ్చేసింది. బూడిదయ్య అక్కడే ఉంది. ఎరువు బండి తోలే పనికి తెచ్చి, గట్టు మీద మేకుకి కట్టేసి, పిచ్చయ్య గేటు దగ్గరికి టీకి వెళ్ళాడు.

"ఏం బూడిదా, బాగున్నావా? ఆ ఎర్రగుడ్డ ఎక్కడుందో చూపించు. టిఫిన్ చేసి పోతా."

బూడిదయ్య గిరుక్కున తల తిప్పింది. గోరింక వైపు చూసింది. గోరింక కంచె మీద కూర్చుని ముక్కు రెక్కలో దాచుకుంది.

"మావా, నీకు దణ్ణం పెడతా. అది తిండికి వేసింది కాదు, విత్తనానికి వేసింది. ఐదేళ్ళ కష్టం."

"ఐదేళ్ళా? అయితే బాగా రుచి పట్టుంటుంది."

"నలుగురు రైతులు బతుకుతారు మావా. నేను బతుకుతాను."

"నువ్వు బతికితే నాకేంటి, పోతే నాకేంటి? మీ పిచ్చయ్య కంది వెయ్యకపోతే జొన్న వేస్తాడు. నేను జొన్నా తింటాను."

బూడిదయ్య కొమ్ములు వంచి ఒక్క దూకు దూకింది. తాడు మెడకి బిగిసింది. కోరయ్య పడీ పడీ నవ్వి, "ఆ తాడు ఉన్నంత కాలం నీ పౌరుషం అంతే అల్లుడూ!" అని సాళ్ళ వైపు నడిచింది.

ఎద్దుకి ఏం చెయ్యాలో తోచలేదు. చుట్టూ చూసింది. ఎటు చూసినా చచ్చిన మొక్కలే. మూడొందల రకాల శవాలు. అప్పుడు తట్టింది దానికి. గొంతు తగ్గించి, ఎంతో జాలిగా అడిగింది.

"సరే మావా, తిను. కాకపోతే ఒక్క మాట. ఇవన్నీ ఎలా చచ్చాయో తెలుసా?"

"నీళ్ళు పెట్టుండరు."

"పెట్టారు. జబ్బు కూడా పెట్టారు. మేడమే చేతులారా మట్టిలో కలిపించింది. నేనే దున్నాను, నాకు తెలియదా? ఏళ్ళ తరబడి జబ్బు మీద జబ్బు."

కోరయ్య ఆగింది. "మరి ఈ రెండు సాళ్ళకి అంటలేదే?"

"అదే కదా వింత! మిగతావాటిని మింగిన జబ్బులోనే వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాయి. దాని మధ్యలోనే పూశాయి, కాశాయి. ఆ గింజలో ఏముందో తెలుసుకోవాలని మేడం ఐదేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటోంది. నువ్వు తిన్నాక చెప్పు, ఆమెకి పని తగ్గుతుంది."

కోరయ్య మూతి కాస్త వెనక్కి తీసింది. "ఈ జబ్బు... ఎట్లా మొదలవుతుంది?"

"కింద నుంచి. మొదట కాండం అడుగున ఊదారంగు చార పడుతుంది. తర్వాత పైకి ఎక్కుతుంది. ఆపైన నిలబడ్డది నిలబడ్డట్టే ఎండిపోవడం."

కోరయ్య వంగి తన కాలు చూసుకుంది. కంచె కింద ఈడ్చుకుంటూ వచ్చిందా, తీగ గీరుకుని కమిలిందా, అక్కడ సరిగ్గా ఊదారంగు చార! అప్పటిదాకా తప్పు చేసినదానిలా కూర్చున్న గోరింక ఇదే అదను అనుకుంది.

"అయ్యో మావా! నీ కాలికి అదేంటి?"

"ఏదీ? ఎక్కడ? పైకి ఎక్కుతోందా?"

"నాకు సరిగా కనపడట్లేదు గానీ, నువ్వు మాత్రం ఎక్కువసేపు నిలబడకు!"

ఇక కోరయ్య నిలబడితే ఒట్టు. వచ్చిన కన్నం ఎక్కడుందో కూడా చూసుకోకుండా కంచెకి అడ్డంగా పడి, కొత్త కన్నం చేసుకుని పారిపోయింది. పోయి వాగులో మెడదాకా మునిగి కూర్చుంది. అంతటితో ఊరుకుందా? కనపడిన పందికల్లా, కోతికల్లా, జింకకల్లా చెప్పింది: "జబ్బుమడి దగ్గరికి పోకండి, నేను చావు తప్పించుకుని వచ్చా!" దాంతో ఆ సీజనంతా ఆ రెండు సాళ్ళ జోలికి ఒక్క మూతి కూడా రాలేదు. వకుళ మేడం రెండు కన్నాలూ పూడ్పించి, కాయ కోయించి, గింజ సంచిలో పోసి తన చేత్తో మూతి కట్టింది.

వానాకాలం వచ్చింది. పిచ్చయ్య ఆ విత్తనం రెండెకరాల్లో ఒక చెక్కలో వేశాడు. పక్కనే పాత రకం కూడా వెయ్యమంది మేడం, తేడా తెలియాలని. కార్తీకానికి పాత రకం సగానికి సగం వాలిపోయింది. కొత్తది నడుమెత్తు దాటి గలగల్లాడుతూ నిలబడింది. వచ్చే ఏడు రెండెకరాలకీ సరిపడా విత్తనం చేలోనే ఉంది, ఇక సంత మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. పైగా బూడిదయ్య మెడకి కొత్త మువ్వలపట్టెడ వచ్చింది.

ఒకరోజు సాయంత్రం ఆ చేను గట్టున కోరయ్య పెళ్ళాం పిల్లలతో వచ్చి నిలబడింది. పిల్లలు కాయల వైపు చూసి గుటకలు మింగుతున్నాయి.

"నాన్నా, ఒక్క మొక్క!"

"నోరు ముయ్యండి! అది జబ్బుమడి జాతి. నేను కళ్ళారా చూశాను. పదండి, తుంగగడ్డలు తవ్వుకుందాం."

గట్టు మీద నెమరేస్తున్న బూడిదయ్య, "మంచి మాట చెప్పావు మావా," అంది, నవ్వు ఆపుకుంటూ.

నీతి: తిండిపోతుకి విత్తనం విలువ చెబితే చెవికెక్కదు, వాడి ప్రాణం విలువ గుర్తు చేస్తే చాలు, కాపలా కూడా వాడే కాస్తాడు.