కోదండయ్య మాస్టారి పంచె

సాకేత్‌కి కోపం వచ్చింది. రాదూ మరి? కంప్యూటర్ ఉద్యోగం మానేసి మా ఆశ్రమానికొచ్చినవాడు. పాటల పుస్తకం కోసం కష్టపడి కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధం చేస్తే, కోదండయ్య మాస్టారు దాని మొహం చూడటం మానేశారు.

పాత గురువులు పాడిన తత్వాలు ఇప్పుడు మాస్టారికి తప్ప ఎవరికీ నోటికి రావు. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో అక్షరాలు వెతుక్కుంటూ, ఆఫీసుల్లో వాడే మామూలు సాఫ్ట్‌వేర్‌లోనే టైపు చేసేవారు. పాట సగం ఒక పేజీలో, సగం ఇంకో పేజీలో పడేది. సాకేత్ అది చూడలేకపోయాడు. దాన్ని తీసేసి, పేజీ ఎలా ఉండాలో ఆదేశాలు రాసి చెప్పే సాఫ్ట్‌వేర్ పెట్టాడు. అందులో ఒక్క బ్రాకెట్ మరిచిపోయినా తెర మీద పాట రాదు, తప్పుల పట్టీ వస్తుంది. మాస్టారు నాలుగు రోజులు తంటాలు పడి, "నా వల్ల కాదు నాయనా" అని లేచిపోయారు. పాటలు ఆయనలోనే ఉండిపోయాయి. ఆయనకా ఎనభై దాటాయి.

సాకేత్ వెళ్లి మా ఆశ్రమం స్వామి దగ్గర మొరపెట్టుకున్నాడు.

"నేర్చుకుందామన్న ఓపికే లేదు స్వామీ ఆయనకి. దీంతో ఏమైనా చేయొచ్చు. రాగం పేరు అంచున పెట్టొచ్చు, పల్లవి పెద్దక్షరాల్లో పెట్టొచ్చు. ఎలా కావాలంటే అలా."

"మంచిదే," అన్నారు స్వామి. ఇంకేమీ అనలేదు. మా స్వామితో ఇదే చిక్కు.

మర్నాడు పౌర్ణమి. పౌర్ణమి గురుపూజకి మగవాళ్లు పంచె కట్టుకునే కూర్చోవాలన్నది మా ఆచారం. చెయ్యి పడిపోయినప్పటినుంచీ మాస్టారు ఎలాస్టిక్ పైజమా వేసుకుని, పూజ వేళకి గదిలోనే ఉండిపోయేవారు. స్వామి సాకేత్‌ని వెంటబెట్టుకుని ఆ గదికి వెళ్లి, మాస్టారి ఒళ్లో కొత్త పంచె పెట్టారు.

"కట్టుకుని రండి మాస్టారూ."

మాస్టారు పంచె అంచు నిమురుతూ తల దించుకున్నారు. సాకేత్ ఉండబట్టలేకపోయాడు.

"ఒంటిచేత్తో ఎలా కట్టుకుంటారు స్వామీ?"

"పంచె మంచిదే కదా. ఎలా కావాలంటే అలా కట్టుకోవచ్చు."

సాకేత్ పంచె వంక, మాస్టారి కుడిచెయ్యి వంక చూశాడు.

"చూస్తూ నిలబడ్డావేం? నీకు రెండు చేతులున్నాయిగా."

సాకేత్ మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు పోశాడు. "బిగుతైందా మాస్టారూ?" అని అడిగి అడిగి కట్టాడు. మాస్టారు ఎడమచెయ్యి అతని భుజం మీద ఆనించి నిలబడ్డారు.

"ఎన్నాళ్లకయ్యా," అన్నారు. కళ్లు తుడుచుకుందామంటే ఆ చెయ్యి తీయలేరు.

పూజ అయ్యాక సాకేత్ పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ పెట్టాడు. మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి తను పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మీరు దీంట్లోనే కొట్టండి మాస్టారూ. పేజీల సంగతి తర్వాత నేను చూసుకుంటాను. ఎలా కావాలో చెబుతూ ఉండండి, చాలు."

మాస్టారు సన్నగా పాడుకుంటూ టైపు చేయడం మొదలుపెట్టారు. ఆ పాట మేమెవ్వరం అంతకు ముందు వినలేదు.

స్వామి గుమ్మంలో నిలబడి చివరిదాకా విని, ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.