పింఛం తాకట్టు

ముందే ఒట్టు వేస్తున్నాను. ఈ కథలో ఒక్క అక్షరం అబద్ధమున్నా నా నోట్లోని ముప్పై రెండు పళ్లూ ఇప్పుడే ఊడి నా ఒళ్లో పడాలి. ఎందుకర్రా నవ్వుతారు? మిమ్మల్ని లెక్కపెట్టమన్నానా? వినమన్నాను.

అనగనగా ఒక అడవి. అదెంత పెద్దదంటే, ఈ చివర ఒక కోతి తుమ్మితే ఆ చివరివాళ్లు విని "చిరంజీవ" అనేసరికి ఆ కోతికి మునిమనవలు పుట్టేవారు. ఆ అడవిలో నీలవేణి అనే ఆడనెమలి ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు. పేరు మువ్వ. వాడు గుడ్డులో ఉండగానే తాళం వేసేవాడు. నేను చెవి ఆనించి విన్నాను కూడా.

ఆ అడవిలో మగనెమళ్లకు ఆటే బతుకుతెరువు. తొలకరి మబ్బు పట్టగానే జంతువులన్నీ వాగుల పక్కన చేరేవి. నెమలిని పిలిచి ఆడించుకునేవి. ఆట బాగుంటే గింజలు కుప్ప పోసేవి. కానీ ఎవరిని పడితే వాళ్లను పిలవవు. కొండకొమ్ము నాట్యశాలలో మూడేళ్లు చదివి పట్టా తెచ్చుకున్నవాణ్ణే పిలుస్తాయి.

మువ్వకు ఆ నాట్యశాలలో సీటు వచ్చింది. ఫీజు మాత్రం ఏడాదికి గాదెడు కొర్రలు.

నీలవేణి ముందుచూపు లేనిదేం కాదు. కొడుకు పుట్టిన నాటినుంచీ రోజూ తను తినే గింజల్లో ఒక ముక్కెడు తీసి చెట్టు తొర్రలో దాచేది. సీటు వచ్చిన రోజున తొర్రలో తల పెట్టి చూసుకుంది. సరిగ్గా ఒక గాదెడు ఉన్నాయి. అంటే ఒక్క ఏడాది చదువు. మిగతా రెండేళ్ల మాటేమిటి?

పక్క కొమ్మ మీది పాలపిట్ట ఇదంతా చూస్తూనే ఉంది.

"ఇంకా ఏం ఆలోచిస్తావు వదినా? అందరూ ఉడుమయ్య దగ్గరే అప్పు తెచ్చి చదివిస్తున్నారు. మా ఎదురుచెట్టువాళ్లు ముగ్గురు పిల్లల్నీ పంపారు" అంది.

"తెస్తే తీర్చాలి కదమ్మా" అంది నీలవేణి.

"తీర్చేది నువ్వా ఏమిటి? పెద్దవాడయ్యాక వాడే తీర్చుకుంటాడు. కన్నకొడుకు చదువు దగ్గర లెక్కలు చూసే తల్లిని నిన్నే చూశాను!"

ఆ మాట నీలవేణి గుండెలో ముల్లులా దిగింది. ముల్లంటే తుమ్మముల్లు కాదు. తాటిచెట్టంత ముల్లు. వెంటనే మువ్వను వెంటబెట్టుకుని ఉడుమయ్య బండ దగ్గరికి బయలుదేరింది.

ఉడుమయ్య పట్టు సంగతి మీకు తెలుసు కదా. ఆయన పట్టుకున్నాడంటే కొండ కదలాలి తప్ప ఆయన కదలడు. ఆయన నాలుక చివర రెండుగా చీలి ఉండేది. ఒక చీలికతో "అమ్మా" అనేవాడు. రెండో చీలికతో వడ్డీ కట్టేవాడు.

"రా చెల్లెమ్మా, రా! ఎండన పడి వచ్చావు. మేనల్లుడు ఎంత ఎదిగాడు!" అన్నాడు ఉడుమయ్య.

"రెండు గాదెల గింజలు కావాలన్నయ్యా. వీడి చదువుకి. తాకట్టు పెట్టడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు."

"ఏమీ లేదని ఎవరన్నారు? వాడి పింఛం ఉంది కదా!"

నీలవేణి కొడుకు వెనక్కి చూసింది. మువ్వ కూడా తన వెనక్కి తనే చూసుకున్నాడు. అక్కడ చారెడు తోక తప్ప ఏమీ లేదు.

"పింఛం ఇంకా మొలవనే లేదు మామయ్యా" అన్నాడు మువ్వ.

"అందుకే కదరా ఇస్తున్నాను! మొలవని ఈకల మీద ఈ అడవిలో ఇంకెవరు ఇస్తారు? నీ చదువయ్యేసరికి మొలుస్తాయి. ఏటా ఆ ఈకలు నాకిస్తూ పో. బాకీ తీరిపోతుంది. నేను వాటిని సింహంగారి కొలువుకు విసనకర్రలుగా అమ్ముకుంటాను."

"మరి వాడికో?"

"పిచ్చిదానా! నెమలి ఈకలు ఏటా రాలిపోయేవే కదా. రాలిపోయేదాన్ని ఇస్తే నీకు పోయేదేముంది? మళ్లీ మొలుస్తాయి. ఇక్కడ ఈ బండ మీద వాడు ఒక్క గోటిముద్ర వేస్తే చాలు."

మువ్వ కళ్లు మెరిశాయి. "నిజమే అమ్మా! ఎలాగూ రాలిపోయేవే కదా!" అని కాలెత్తాడు.

నీలవేణికి ఎందుకో రెక్క అదిరింది. "మంచిరోజు చూసుకుని వస్తామన్నయ్యా" అని కొడుకు కాలు కిందికి దించి తీసుకుపోయింది.

దారిలో వాగు దగ్గర నీళ్లు తాగుతుంటే, పక్కపొదలో ఏదో కదిలింది. పొదలోంచి బోసిగా ఒక వెనకభాగం కనిపించింది.

"ఎవరమ్మా? కొత్తగా వచ్చిన కోడిపెట్టలా ఉన్నావు" అంది నీలవేణి.

"కోడిని కాదత్తా. నేనే, కలాపిని" అంది పొద.

కలాపి అంటే నీలవేణి అన్నకొడుకు. నాట్యశాలలో అందరికన్నా పైన నిలిచి పట్టా తెచ్చుకున్నవాడు. వాడు ఆడితే మబ్బులు కిందికి దిగివచ్చి కూర్చుని చూసేవి. అలాంటివాడు ఇప్పుడు పొదలోంచి తల మాత్రం బయటపెట్టి మాట్లాడుతున్నాడు.

"ఇదేం అవతారంరా? నీ పింఛం ఏదీ?"

"ఉడుమయ్య పట్టుకుపోయాడత్తా."

"రాలిన ఈకలే కదరా తీసుకునేది?"

కలాపి నవ్వాడు. ఆ నవ్వు వింటే పొదకే ఏడుపొచ్చింది.

"ఈకలు రాలేది ఎప్పుడత్తా? వానలన్నీ వెళ్లాక. అప్పటికి ఆడి ఆడి చివర్లు చిరిగిపోతాయి. చిరిగినవి సింహంగారి కొలువులో ఎవడు కొంటాడు? అందుకని ఉడుమయ్య తొలకరికి ముందే వస్తాడు. నిగనిగలాడుతున్నప్పుడే పీక్కుపోతాడు. ఆ మర్నాడే మబ్బు పడుతుంది. బోడి నెమలి ఆట ఎవరు చూస్తారు? ఆట లేకపోతే గింజల్లేవు. గింజల్లేకపోతే బాకీ తీరదు. మొదటి ఏడాది ఈకలు వడ్డీకి పోయాయి. రెండో ఏడాదివి వడ్డీ మీది వడ్డీకి పోయాయి. మూడో ఏడాది నాలుగు ఈకల కన్ను వంకర పోయిందని జరిమానా వేశాడు. అసలు మాత్రం అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడిలా కదలకుండా కూర్చుంది."

తల్లీకొడుకులు ఇల్లు చేరారు. చేరాక మువ్వ మూతి ముడుచుకున్నాడు. ఆ మూతి ముడుపు ఎంత గట్టిదంటే, విప్పడానికి రెండు ఏనుగులు కావలసి వచ్చింది.

"అయితే నేను చదువుకోనా? జీవితాంతం పురుగులు ఏరుకుంటూ బతకనా?" అన్నాడు.

"చదువుకోవద్దని నేనన్నానా? ముందు బడివాళ్లనే అడిగి చూద్దాం పద. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు" అంది నీలవేణి.

"ఏమని అడుగుతావు? సిగ్గేస్తుందమ్మా!"

"సిగ్గుపడేది నేను కదా. నువ్వు నా వెనక నిలబడు చాలు."

నాట్యశాల గురువుగారు ఒక ముసలి కొంగ. ఒంటికాలి మీద నిలబడి పాఠం చెప్పేవారు. రెండో కాలు నేల మీద పెట్టి డెబ్బై ఏళ్లయిందని ఆయన గొప్ప.

నీలవేణి దండం పెట్టి ఉన్నమాట చెప్పింది. "ఒక్క ఏడాది ఫీజే నా దగ్గరుంది స్వామీ. అప్పు చెయ్యను. వీడు చదవాలి. దారేమైనా ఉందా?"

గురువుగారు ముక్కు పైకెత్తారు. దారి లేదని చెప్పడానికి నోరు తెరిచారు కూడా. సరిగ్గా అప్పుడే ఆడే చోట గోల లేచింది.

"పాము! పాము!"

శిష్యులైన నెమళ్లందరూ చెట్లెక్కేశారు. గురువుగారు అందరికన్నా పై కొమ్మ మీద ఉన్నారు. తొందరలో రెండు కాళ్లూ వాడేశారు.

"పాముకు భయపడతారేం? మీరు నెమళ్లే కదా!" అంది నీలవేణి కిందినుంచి.

"మేం కళాకారులం! పాములు పడితే కాళ్లు మొరటుబారిపోతాయి" అంది ఒక కొమ్మ మీది నెమలి.

మువ్వ ముందుకు దూకాడు. ఆ పాము తల ఇక్కడుంటే తోక పక్క ఊళ్లో ఉంది. మూడే మూడు పోట్లు. పాము చచ్చింది.

గురువుగారు మెల్లగా దిగారు. ఒక కాలు మడుచుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"ఈ కొండంతా పాములేనమ్మా. పాఠం సగం చెట్ల మీదే జరుగుతోంది. ఉదయం పూట నీ కొడుకు ఈ నేలను కాస్తే మూడేళ్ల ఫీజులో సగం వదిలేస్తాను. మిగతాది ఒక్కసారిగా కట్టక్కర్లేదు. నెలనెలా తెచ్చి పొయ్యి. కానీ పాఠం మధ్యాహ్నం పూటే. కాబట్టి మూడేళ్ల చదువు ఆరేళ్లు పడుతుంది."

"ఇలాంటి దారి ఉందని ముందే చెప్పరేం స్వామీ?"

"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు తల్లీ. అందరూ తిన్నగా ఉడుము దగ్గరికి పోయి గింజలతోనే కొండెక్కుతున్నారు."

తొర్రలోని గాదెడుకు రోజూ ముక్కెడు కలుపుకుంటూ పోతే సరిపోతుందని నీలవేణి అక్కడికక్కడే లెక్క కట్టింది. కానీ మువ్వ ముఖం మాడిపోయింది.

"ఆరేళ్లా! ఎదురుచెట్టువాళ్లు ముగ్గురూ మూడేళ్లలో పట్టాలు తీసుకుని దిగిపోతారు. నేను పాములు పట్టుకుంటూ ఇక్కడే పడి ఉండాలా?"

నీలవేణి కొడుకును బతిమాలలేదు, కసరలేదు.

"ఈకలు నీవి. నువ్వే చెప్పు. అటు చూస్తే ఉడుమయ్య బండ, ఇటు చూస్తే పాములు" అంది.

మువ్వ చాలాసేపు తన చారెడు తోకకేసి చూసుకున్నాడు. ఇంకా మొలవని ఈకల గురించి ఆలోచించాడు. పొదలోంచి బయటికి రాని కలాపి కళ్లముందు కదిలాడు.

"పాములే" అన్నాడు చివరికి.

ఇక చూడండి. ఉదయం పాములు, మధ్యాహ్నం పాఠం. తోటివాళ్లు వాణ్ణి "పాముల మువ్వా" అని పిలిచి ఏడిపించేవారు. మూడో ఏడు తిరిగేసరికి ఎదురుచెట్టు ముగ్గురూ పట్టాలు మెళ్లో వేలాడదీసుకుని ఊరేగుతూ కొండ దిగారు. ఆ ఊరేగింపులో మోగిన డప్పులకు నా చెవులు ఇప్పటికీ గింగురుమంటున్నాయి. మువ్వ ఆ రోజు తేళ్ల పుట్ట తవ్వుతున్నాడు. తలెత్తి చూశాడు. మళ్లీ తవ్వాడు. బాధపడ్డాడా అంటారా? పడే ఉంటాడు. తేళ్లు మాత్రం ఆ రోజు మామూలుకన్నా ఎక్కువ చచ్చాయి.

ఆరో ఏడు వాడికీ పట్టా వచ్చింది. ఊరేగింపు లేదు. తల్లీకొడుకులు నడిచి దిగారు.

మృగశిర కార్తె వచ్చింది. జంతువులన్నీ వాగు దగ్గర చేరాయి. పడమట మబ్బు లేస్తోంది. మబ్బు కన్నా ముందే ఉడుమయ్య వచ్చాడు, భుజాన సంచితో.

ఎదురుచెట్టు పెద్దవాడు చేతులు జోడించాడు. "ఈ ఒక్క ఆటా ఆడనివ్వు బాబాయ్. వచ్చిన గింజలన్నీ నీకే పోస్తాను."

"ఆడితే ఈకలు నలుగుతాయి నాయనా. వంగు" అన్నాడు ఉడుమయ్య.

రెండోవాడు పొదలో దాక్కున్నాడు. పింఛం పొదలో పట్టలేదు. దొరికిపోయాడు. మూడోవాడు ఎగిరాడు. ఉడుమయ్య తోక పట్టుకున్నాడు. వాడు ఆకాశం దాకా పోయాడు. తోక మాత్రం ఉడుమయ్య దగ్గరే ఉండిపోయింది.

ఊపులో ఉన్న ఉడుమయ్య నాలుగోవాడి దగ్గరికీ వచ్చాడు.

"నువ్వూ వంగు నాయనా."

"ఎందుకు మామయ్యా?" అన్నాడు మువ్వ.

"ఈకలకు."

"ఎవరి ఈకలు?"

ఉడుమయ్య నాలుక రెండు చీలికలూ ఆడించాడు. "నువ్వు గోటిముద్ర వెయ్యలేదూ?" అన్నాడు.

"వేసినవాళ్లు అదిగో, ఆ పొదలో ఉన్నారు."

అప్పుడు ఉరిమింది. మువ్వ వెనక్కి తిరిగి పింఛం విప్పాడు. అదెంత పింఛమంటే, ఆకాశంలో మబ్బులకు చోటు చాలక పక్కకు జరిగాయి. ఆ విసురుకు ఉడుమయ్య సంచితో సహా ఏడు కొండలు దాటి పడ్డాడు. పట్టుకోవడానికి అక్కడ ఆయనకు ఏదీ దొరకలేదు.

మువ్వ మూడు పగళ్లు ఆగకుండా ఆడాడు. గింజలు నీలవేణి మెడదాకా వచ్చాయి. ఎదురుచెట్టు ముగ్గురూ, కలాపీ పొదల్లోంచే ఆట చూశారు. మువ్వ కన్నా బాగా ఆడగలవాళ్లు అందులో ఇద్దరున్నారు. ఉన్నమాట చెప్పుకోవాలి. వాళ్ల మెళ్లో పట్టాలు నిక్షేపంగా ఉన్నాయి. చప్పట్లు కొట్టడానికి రెక్కలూ ఉన్నాయి. కొట్టారు.

నీతి: చదువు కోసం ఆరేళ్లు నడిచినా పరవాలేదు. ఇంకా మొలవని ఈకలను మాత్రం తాకట్టు పెట్టకూడదు. అప్పు గడప తొక్కేముందు బడి గడప తొక్కి అడగాలి.

అయిందిరా సుబ్బిగా, లే. వీధి చివరి కొట్టుకెళ్లి నాకు వక్కపొడి పొట్లం పట్టుకురా. ఇదిగో చిల్లర. ఖాతాలో రాయించి ఈ చిల్లరతో జీడి కొనుక్కున్నావో, ఏడు కొండలు దాటి పడతావు.