ఉంగరం తీసిన బిషప్

సముద్రాల కవతల, ఏడాదిలో ఆరునెలలు మంచు కురిసే ఒకానొక రాజ్యాన్ని రోడెరిక్ అనే రాజు ఏలుతుండేవాడు. తన నోట వచ్చిన ప్రతి మాటా శాసనమేనని అతగాడి నమ్మకం. కొలువులో ఆయన నవ్వితే పళ్లు లేని ముసలివాళ్లు కూడా పళ్లికిలించవలసిందే.

ఆ కొలువులో మంత్రి ఓడిలో అనే బిషప్. రాజముద్ర ఆయన చేతిలో ఉండేది. అది పడందే ఏ శాసనమూ చెల్లదు. పదేళ్ల కిందట రోడెరిక్ తలమీద కిరీటం పెట్టిందీ ఆయనే.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. బిషప్ అయిన రోజున వేలికి ఉంగరం తొడుగుతారు. ఆనాటినుంచి ఆయన గుడే ఆయనకు భార్య. చచ్చేదాకా ఆ ఇద్దరినీ విడదీయకూడదు. కానీ రాజులు ఎవరిని విడదీయలేదు గనక! ఇరవై ఏళ్ల కిందట రోడెరిక్ తండ్రి, "ఒక్క నెల ఉండి వెళ్లండి స్వామీ" అని ఓడిలోను పిలిపించాడు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.

గుడి ఉన్న సార్లెన్ ఊరు పన్నెండు రోజుల ప్రయాణం. మొదట్లో అక్కణ్ణుంచి ఉత్తరాలు వచ్చేవి. తరవాత ఏడాదికొకటి. తరవాత అవీ లేవు. కోటలో ఆయనకు దండం పెట్టేవాళ్లు వందమంది. ఒంట్లో ఎలా ఉందని అడిగినవాడు ఒక్కడు లేడు. పండగపూట కూడా పొడవాటి బల్లకు ఒక చివర కూర్చుని, చల్లారిన చారు తాగి లేచేవాడు. పదవున్నవాడికి తోడెందుకని లోకం అనుకుంటుంది. లోకానికేం తెలుసు!

ఒకనాటి ఉదయం నిండు కొలువులో రాజు ఒక తోలుపత్రం ఆయన ముందు పడేశాడు.

"ముద్ర వెయ్యండి బిషప్‌గారూ! 'ఏడేళ్లు ఒకే కప్పు కింద కాపురం చెయ్యని పెళ్లి పెళ్లే కాదు.' ఎలా ఉంది నా శాసనం?"

ఆ శాసనం ఎవరికోసమో బిషప్‌కు వెంటనే తెలిసిపోయింది. రాణి ఎర్మెసిందాను ఈ రాజే ఎనిమిదేళ్ల కిందట కొండకోటకు తరిమాడు. ఇప్పుడు పొరుగురాజు కూతురి మీద, ఆమెతో వచ్చే ఓడరేవు మీద కన్నుపడింది. ముద్ర పడితే రాణి మర్నాడే కన్యాస్త్రీల మఠంలో ఉంటుంది, బతికినన్నాళ్లూ. పెళ్లామంటే కాలిచెప్పా, కరిచిందని గడపవతల విడిచెయ్యడానికి?

పాపం, ఆవిడా ఎక్కడో ఒంటరిగా చారు తాగుతూ ఉంటుందనుకున్నాడు ఆయన.

"వెయ్యకపోతే?" అని అడిగాడు.

"ముద్ర ఇంకొకరి చేతికి, మీరు చెరసాలకి!"

"శాసనం దివ్యంగా ఉంది ప్రభూ. ఇది తమ ఒక్కరికేనా, అందరికీనా?"

రాజు ఛాతీ ఉబ్బించాడు. "నా మాట బిచ్చగాడికీ ఒకటే, బిషప్‌కీ ఒకటే! అయినా మీకెందుకు బెంగ, మీకు పెళ్లామే లేదాయె!"

కొలువంతా పగలబడి నవ్వింది. ఓడిలో నెమ్మదిగా ఉంగరం తీసి పత్రం మీద పెట్టాడు.

"ఉంది ప్రభూ. సార్లెన్‌లో ఉంది. ఆమె గడప తొక్కి ఇరవై ఏళ్లయింది. తమ శాసనం ప్రకారం మా పెళ్లి చెల్లదు. కనుక నేను బిషప్‌ని కాను."

"కాకపోతే పొండి! ఇంకొకణ్ణి పెట్టుకుంటాను."

"కాకుండా పోయింది ఇవాళ కాదు ప్రభూ. ఇరవైలోంచి ఏడు తీసెయ్యండి. పదమూడేళ్లుగా నేను బిషప్‌ని కాను."

"అయితే నాకేం?"

"పదేళ్ల కిందట తమ తలమీద కిరీటం పెట్టింది ఎవరో ముసలాడన్నమాట. బిషప్ చేత్తో పెట్టని కిరీటం ఈ రాజ్యంలో చెల్లదు గదా? కాబట్టి అదీ తీసి ఈ ఉంగరం పక్కన పెట్టండి. ఇద్దరం తేలిగ్గా ఇళ్లకు పోదాం."

రాజు చెయ్యి తనకు తెలియకుండానే కిరీటం మీదికి పోయి గట్టిగా పట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక అందరూ రాజు మొహంలోకి చూస్తున్నారు.

ఆ చూపులు చూసి రాజుకే నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. పత్రాన్ని నాలుగు ముక్కలుగా చించాడు.

"గెలిచారు స్వామీ! రాణిని తీసుకురావడానికి నేనే వెళ్తాను. మీకేం కావాలో కోరుకోండి. భూములా, బంగారమా?"

"నన్ను మా ఇంటికి పంపండి."

రాజు నవ్వు ఆగింది. ఉంగరం తన చేత్తోనే ఆయన వేలికి తొడిగి, "వెళ్లిరండి" అన్నాడు.

ఓడిలో రాజముద్ర అప్పగించి, కంచరగాడిద ఎక్కి పన్నెండు రోజులు ప్రయాణం చేశాడు. సార్లెన్ గుడిమెట్ల మీద ఒకావిడ మంచు ఊడుస్తోంది. ఆయన దిగి నిలబడ్డాడు.

"ఎవరు కావాలయ్యా?"

"ఇది బిషప్ ఓడిలోగారి గుడే కదమ్మా?"

"ఆయనదే. కానీ ఆయన రాజుగారి దగ్గరుంటారు. నా పెళ్లికి వస్తారనుకున్నాం, నా బిడ్డ జ్ఞానస్నానానికి వస్తారనుకున్నాం. పెద్ద పనులాయె, రాలేదు." ఆవిడ చీపురానించి ఆయన్ని పరకాయించి చూసింది. "మీరు కోట మనిషిలా ఉన్నారు. ఆయన కనిపిస్తే ఒక్కమాట చెబుతారా? ఇక్కడెవరికీ ఆయన మీద కోపం లేదని."

"చెబుతాను తల్లీ" అని, ఆయన ఆవిడ ఊడ్చిన మెట్టు మీద కూలబడ్డాడు.