బొడ్డుతాడు జాడీ

శాలివాహన శకం 1604, దుందుభి నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ దశమి. తెల్లవారుతూనే కొలనుదుర్గంలో సన్నగా జల్లు పడి ఆగిపోయింది. ఆపైన ఆకు కదల్లేదు, ఒకటే ఉక్క. ఆ రోజు అందరికీ ఇంత బాగా గుర్తుండడానికి కారణం వాన కాదు. పుట్టింటికి బయల్దేరాల్సిన రాణీగారి పల్లకి, ఎనిమిదిమంది బోయీలతో సహా ముంగిట్లోనే ఆగిపోయింది.

రాణి వెంగమాంబకు ఏడో నెల, తొలిచూలు. ఏటిగడ్డలో ఆమె తల్లి కాన్పయ్యాక తినిపించే కాయం దినుసులన్నీ కూర్చుకుని, బాలింత గదికి సున్నం కూడా వేయించి ఎదురుచూస్తోంది. సూర్యాస్తమయం దాటితే మళ్ళీ ముహూర్తం లేదు.

ప్రయాణం ఆపినవాడు ఆస్థాన వైద్యుడు ఔబళశాస్త్రి. మంచి ఒడ్డూ పొడుగూ, ఘోటక బ్రహ్మచారి. ఆయన తలపాగా చుట్టడానికే ఇద్దరు మనుషులు కావాలి. ఆ తలపాగా గురించి చెప్పాలంటే చాలా ఉంది గానీ, అది వేరే కథ.

"ప్రభూ, బొడ్డుతాడులో నెత్తురు అమృతం. నా చలువగుహలో దాచితే యువరాజుకు నూరేళ్ళలో ఏ జబ్బు చేసినా అదే మందు. కాకపోతే అరఘడియలో గుహకు చేరాలి. అంటే కాన్పు ఈ కోటలోనే జరగాలి," అన్నాడు శాస్త్రి నిండు సభలో.

రాజు మల్లభూపతి డోలాయమానంలో పడ్డాడు. తండ్రి కాబోయేవాణ్ణి భయపెట్టడం ఎంతసేపు?

"దాచకపోతే రేపు బిడ్డకేమైనా అయితే నన్ను నేను క్షమించుకోగలనా?" అన్నాడు, తెర కాస్త తొలగించి రాణితో.

"అమ్మ దగ్గర లేకుండా పురుడు పోసుకోమంటే నాకిప్పుడే ఏదో అయ్యేలా ఉంది," అంది రాణి. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రాజు సభ వైపు తిరిగాడు. "పొద్దు వాలేలోగా ఈ చిక్కు విప్పినవాళ్ళకు అడిగింది ఇస్తాను."

మంత్రులు మీసాలు సవరించుకున్నారు. రాజు వెనకాల తమలపాకుల పళ్ళెం పట్టుకునే అడపగాడు భిక్షాలు మాత్రం ఆకుకు సున్నం రాయడం ఆపాడు. ఐదుగురు పిల్లల తండ్రి. రాణి కంటనీరు చూస్తే, మొదటి కాన్పుకు తన పెళ్ళాం పుట్టింటి దారి చూస్తూ కూర్చోవడం గుర్తొచ్చింది.

"శాస్త్రిగారూ, ఇంతకు ముందు ఎవరివైనా దాచారా?" అన్నాడు.

"ఎవరివైనా ఏమిటయ్యా! మా నాన్నగారి నాటి నుంచీ, నలభై ఏళ్ళుగా ఈ కోటలో పుట్టిన ప్రతి బిడ్డదీ ఉంది."

"ఏది ఎవరిదో ఎట్లా తెలుస్తుందండీ?"

శాస్త్రి జాలిగా నవ్వాడు. "పుట్టిన అరఘడియలో జాడీలో పోసి, బిడ్డ పేరు రాసిన తాటాకు లోపల పెట్టి, లక్కతో మూసేస్తాం. ఆ లక్కను మళ్ళీ బ్రహ్మదేవుడు కూడా ముట్టడు."

"నేనూ ఈ కోట ఏనుగుశాలలోనే పుట్టానండి. ముప్పై ఎనిమిదేళ్ళు. నాది కూడా ఉందేమో చూస్తారా? మోకాలు నొప్పి."

సభ నవ్వింది. శాస్త్రి నవ్వలేదు. రాజు కుతూహలంగా చూస్తున్నాడు మరి.

"లేకుండా ఎక్కడికి పోతుంది? నేనే తెస్తాను. నా గుహలోకి పరాయివాళ్ళు రాకూడదు."

వెళ్ళిన మనిషి మూడు ఘడియలకు వచ్చాడు. చేతిలో జాడీ, మూతికి లక్క, లక్క మీద కావలసినంత దుమ్ము.

"పగలగొట్టండి ప్రభూ, నా పరువు ఇందులో ఉంది."

రాజు పిడిబాకుతో లక్క లేపి, తాటాకు తీసి చదివాడు. "భిక్షాలు. ఒరే, నీ పేరే!"

శాస్త్రి తలపాగా జానెడు ఎత్తు పెరిగింది.

భిక్షాలు చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకని మా అమ్మ నాకు బారసాల చెయ్యలేదు. మూడేళ్ళు 'ఒరే' అనే పిలిచింది. ఆ తర్వాత ఐదిళ్ళ భిక్షమెత్తి ఈ పేరు పెట్టింది.

"మూడేళ్ళ తర్వాత పెట్టిన పేరు పుట్టిన అరఘడియకే ఈ జాడీలోకి ఎట్లా దూరింది ప్రభూ?"

తెర వెనక నుంచి ముందుగా నవ్వింది రాణి. "భిక్షాలు సంగతి సరే, ఏ బిడ్డకైనా పుట్టగానే పేరెక్కడిదయ్యా శాస్త్రీ? ఇరవయ్యొకటో రోజు దాకా ఆగాలి కదా!"

పెళ్ళీ పిల్లలూ లేని శాస్త్రికి ఆ సంగతే తట్టలేదు.

భిక్షాలు జాడీ వాసన చూశాడు. రోజంతా సున్నంతో పనిచేసే ముక్కు కదా. "పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు ప్రభూ. బొడ్డు నెత్తుట్లో నిజంగా గుణముందేమో నాకు తెలీదు. ఎప్పుడో ఎవరో కనిపెట్టొచ్చు. ఈయన గుహలో మాత్రం లేదు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం కావాలో కోరుకో."

"అమ్మగారి పల్లకి కదలనివ్వండి. నా కోరిక అదే."

పల్లకి పొద్దు వాలకముందే కదిలింది. చలువగుహ పాలవాళ్ళ వెన్నకుండలకు పోయింది. అందులోని మూడొందల ఖాళీ జాడీలు రాణి తల్లికి, ఊరగాయలకు పోయాయి. శాస్త్రి ఎక్కి తిరిగే కంచరగాడిద భిక్షాలుకు దక్కింది. మోకాలు నొప్పి కదా, దాని మీదే పల్లకి వెంట ఏటిగడ్డ దాకా వెళ్ళాడు. శాస్త్రికి ఏమీ మిగల్లేదు. ఆ ఎర్రనీళ్ళు కూడా రాణికి దిష్టి తీసి వీధిలో పారబోశారు.